ఏడాది పాటు విదేశంలో వాలంటీరుగా వెళ్ళనా అని అడిగిన సోంపేట అమ్మాయికి

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. సోంపేట దగ్గర పల్లె, 23 ఏళ్ళు, బీఎస్సీ తర్వాత బీఈడీ. జర్మనీలో వైకల్యం ఉన్న యువతీయువకులు ఉండే వసతి గృహంలో 12 నెలలు వాలంటీరుగా చేసే అవకాశం వచ్చేలా ఉంది. జీతం లేదు. గది, తిండి, జేబు ఖర్చుకి కొంత ఇస్తారు. నాన్నగారు "డబ్బు రాని పనికి అంత దూరం ఎందుకు, పెళ్ళి సంబంధాలు చూస్తున్నాం కదా" అంటున్నారు. స్నేహితులు వచ్చే డీఎస్సీ పోతుందని భయపెడుతున్నారు. విశాఖలో ఒక ఏజెంటు మూడు లక్షలు అడిగాడు. ఇవన్నీ రాసి చివర్లో ఒక్క వాక్యం రాశావు: "వెళ్తే నాలో నిజంగా ఏం మారుతుంది సార్, తిరిగొచ్చాక నాకు ఏం మిగులుతుంది?" నేను ఎక్కువగా దానికే జవాబు రాస్తాను.

నాది చీపురుపల్లి వైపు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చెబుతాను, 20 ఏళ్ళు దాటింది. 2011 చివరి నుంచి 2013 చివరి దాకా రెండేళ్ళు కెన్యాలో, విక్టోరియా సరస్సు ఒడ్డున కిసుము అనే ఊరి దగ్గర ఒక వృత్తి శిక్షణ కేంద్రంలో వాలంటీరుగా ఉన్నాను. బడి మానేసినవాళ్ళు, పరీక్ష తప్పినవాళ్ళు, 17 నుంచి 24 ఏళ్ళ పిల్లలు. వాళ్ళకి హౌస్ వైరింగ్, మోటారు వైండింగ్ నేర్పడం నా పని.

ముందు ఏజెంటు సంగతి తేల్చేద్దాం. ఆ మూడు లక్షలు ఇవ్వొద్దు. జర్మనీలో ఈ సేవకి ప్రధానంగా రెండు దారులున్నాయి. ఎఫ్‌ఎస్‌జే అనే సామాజిక సేవా సంవత్సరం 27 ఏళ్ళు నిండనివాళ్ళ కోసం. రెండోది బీఎఫ్‌డీ, అంటే అక్కడి ప్రభుత్వం నడిపే వాలంటీరు సేవ. 2011లో అక్కడ నిర్బంధ సైనిక సేవ ఆపేశారు. అప్పటిదాకా సైన్యంలోకి వెళ్ళమన్న కుర్రాళ్ళు దానికి బదులుగా ఆస్పత్రుల్లో, వసతి గృహాల్లో పనిచేసేవారు. ఆ లోటు పూడ్చడానికి బీఎఫ్‌డీ పెట్టారు, దానికి పై వయసు పరిమితి లేదు. రెండింటిలోనూ నీ వయసు వాళ్ళకి ఏడాదికి 25 రోజుల శిక్షణ తరగతులు ఉంటాయి, సామాజిక బీమా కూడా నిన్ను తీసుకున్న సంస్థే కడుతుంది. అంటే డబ్బు కట్టి కొనుక్కోవలసిన సీటు కాదిది. విమానం టిక్కెట్టు, వీసా ఫీజు, జర్మన్ భాష నేర్చుకుని పరీక్ష రాసే ఖర్చు నువ్వు చూసుకోవాల్సి రావచ్చు, అంతే.

సంస్థతో నేరుగా రాతలో ఒప్పందం ఉండాలి. వారానికి ఎన్ని గంటలు, చేతికి ఎంత ఇస్తారు, గది ఎక్కడ, ఒంట్లో బాగోకపోతే ఎవరు చూస్తారు, ఇబ్బంది వస్తే ఎవరితో చెప్పుకోవాలి, ఇవన్నీ అందులో కనిపించాలి. నీకు ముందు ఏడాది అక్కడ పనిచేసిన వాలంటీరుతో వీడియో కాల్ పెట్టించమని అడుగు. పెట్టించకుండా తప్పించుకుంటే ఆ చోటు వదిలేయ్. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి వెళ్ళి కంబోడియాలో సైబర్ మోసాల ముఠాల చేతిలో చిక్కుకున్నవాళ్ళలో మన ఉత్తరాంధ్ర పిల్లలు ఎంతోమంది ఉన్నారని 2024లో బయటపడింది కదా. వాళ్ళు కూడా ఏజెంట్లకి డబ్బు కట్టే వెళ్ళారు.

ఇక నీ అసలు ప్రశ్న.

నేను బయల్దేరినప్పుడు వాళ్ళకి ఏదో ఇవ్వడానికి వెళ్తున్నానన్న నమ్మకంతో వెళ్ళాను. చేతిలో పని ఉంది, ఏడెనిమిదేళ్ళు పిల్లలకి చెప్పిన అనుభవం ఉంది. మొదటి రోజు సింగిల్ ఫేజ్ మోటారు గురించి రెండు గంటలు ఇంగ్లీషులో చెప్పాను. నా ఇంగ్లీషులో మన యాస, వాళ్ళ ఇంగ్లీషులో వాళ్ళ యాస. ముప్పై మంది మర్యాదగా నన్నే చూస్తూ కూర్చున్నారు, ఒక్క ప్రశ్న కూడా రాలేదు. తర్వాత వాళ్ళలో వాళ్ళు తమ లువో భాషలో ఏదో అనుకుని నవ్వారు. నన్ను చూసే నవ్వారనుకున్నాను. ఆ రాత్రి అన్నం సహించలేదు. ఇక్కడ క్లాసులో గలగలా మాట్లాడే మనిషిని, అక్కడ మూడు నెలలు నోరు విప్పడానికే భయపడ్డాను. సంతకి వెళ్తే ధర అడగలేను. మటాటు అని అక్కడ షేర్ వ్యాన్లు ఉంటాయి, ఎక్కితే ఎక్కడ దిగాలో చెప్పలేను. ఎవరైనా గట్టిగా మాట్లాడితే తిడుతున్నారేమో అనిపించేది.

దానికి తోడు నన్ను చూడగానే "మీ దుకాణం ఎక్కడ?" అని అడిగేవారు. మొంబాసా నుంచి కిసుము దాకా రైలు పట్టాలు వేయడానికి బ్రిటిష్ వాళ్ళు మన దేశం నుంచి 30 వేల మందికి పైగా కూలీలను తీసుకెళ్ళారు. 1901లో పట్టాలు సరస్సు ఒడ్డుకి చేరాయి. దాదాపు 2,500 మంది ఆ పనిలోనే చనిపోయారు. ఆ తర్వాత భారతీయులు అక్కడ వ్యాపారాల్లో స్థిరపడ్డారు. కాబట్టి ముహిందీ, అంటే భారతీయుడు, అంటే షాపు యజమాని అని వాళ్ళ లెక్క. అద్దె గదిలో ఉంటూ బకెట్టుతో నీళ్ళు మోసుకునే ముహిందీని ఎలా చూడాలో వాళ్ళకి తెలియలేదు, నాకూ తెలియలేదు. నువ్వు వెళ్ళే చోట కూడా నీ కంటే ముందు నీ దేశం గురించిన ఒక ఊహ అక్కడికి చేరిపోయి ఉంటుంది. దానికి కోపం తెచ్చుకోకు. మనిషిగా నిన్ను చూడటానికి వాళ్ళకి కొంత టైమ్ పడుతుంది, నీకూ పడుతుంది.

నన్ను ఆ మూడు నెలల్లోంచి బయటికి తెచ్చింది క్లాసులో ఒక అమ్మాయి. 18 ఏళ్ళుంటాయి. ఒకరోజు నేను కెపాసిటర్ గురించి తంటాలు పడుతుంటే లేచి వచ్చి, నా చేతిలో చాక్‌పీసు తీసుకుని, నేను చెప్పాలనుకున్నది బోర్డు మీద బొమ్మ వేసి వాళ్ళ భాషలో చెప్పింది. క్లాసంతా ఒక్కసారి "ఆ..." అంది. అయ్యాక నా దగ్గరికి వచ్చి, "మ్వాలిము, మీరు రోజుకి ఐదు మాటలు నేర్చుకోండి, నేను చెబుతాను" అంది. మ్వాలిము అంటే మాస్టారు. ఉమేమే అంటే కరెంటు. వాయా అంటే వైరు. హతారి అంటే ప్రమాదం, అక్కడ కరెంటు పెట్టెల మీద ఆ మాట రాసి ఉంటుంది. ఆ పిల్ల నా చేత తప్పుల్లేకుండా పలికించేదాకా వదిలేది కాదు. నేను పాఠం నేర్చుకునే పిల్లాణ్ణి అయ్యాక వాళ్ళు నన్ను ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు.

పోలే అని ఒక మాట ఉంది అక్కడ. ఎవరైనా తడబడినా, దెబ్బ తగిలినా పక్కన ఉన్నవాళ్ళు పోలే అంటారు, ఆ దెబ్బకి కారణం వాళ్ళు కాకపోయినా సరే. మన "అయ్యో" లాంటిదే. ఒకసారి సుత్తి బొటనవేలి మీద పడితే ముప్పై గొంతులు ఒక్కసారి "పోలే మ్వాలిము" అన్నాయి. ఆ రోజు నుంచి నాకు ఆ ఊరంటే భయం పోయింది.

మా నాన్న నన్ను ఆపాలని చూడలేదు గానీ బయల్దేరే ముందు ఒక్కటే అడిగాడు: "అక్కడ నీకు జ్వరం వస్తే నీళ్ళిచ్చేది ఎవరు?" ఏడో నెలలో మలేరియా వచ్చింది. మా ఇంటి యజమానురాలు, అరవై ఏళ్ళ మనిషి, నాలుగు రోజులు పొద్దున్నే ఉజి అని వేడి జావ తెచ్చి పక్కన కూర్చుని తాగించింది. చోడిపిండి, అంటే రాగిపిండి జావ. పులిసిన వాసనతో సహా మా అమ్మ చేసే చోడంబలి రుచే. ఆ గ్లాసు పట్టుకుని ఏడ్చాను. నేను ఎవరికైతే సాయం చేయడానికి వచ్చాననుకున్నానో వాళ్ళే నన్ను సాకుతున్నారు. ఈ ఒక్క సంగతి ఒంటికి పట్టడానికి నాకు ఏడు నెలలు పట్టింది.

ఇప్పుడు నేను చేసిన ఒక తప్పు చెబుతాను. నువ్వు పనిచేయబోయేది యువతతో కాబట్టి ఇది చెప్పకుండా వదలలేను. ఆ బ్యాచ్‌లో ఒక కుర్రాడు ఉండేవాడు, వైండింగ్‌లో నా కంటే చెయ్యి శుభ్రం. ఒక సాయంత్రం "నేను ఇండియా వచ్చి చదువుకోవచ్చా?" అని అడిగాడు. నేను ఉత్సాహంగా విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, అక్కడ మీ దేశం పిల్లలు కూడా చదువుతారు, చూద్దాం, నేను కనుక్కుంటాను అన్నాను. నాకు అది మాట వరసకి అన్న మాట. అతను దాన్ని వాగ్దానంగా తీసుకున్నాడు. అక్కడ స్కూలు చదువు చివరి పరీక్షలో యూనివర్సిటీకి కనీసం సీ ప్లస్ గ్రేడు కావాలి, అతనికి వచ్చింది డీ ప్లస్. నేను అది ముందు అడగనే లేదు. ఇండియా వెళ్తానన్న ఆశతో అతను ఆ ఏడాది గ్రేడ్ 3 ట్రేడ్ టెస్టుకి పేరు ఇవ్వలేదు. ఆ సర్టిఫికెట్ ఉంటే కాంట్రాక్టరు దగ్గర పని దొరికేది. నిజం చెప్పిన రోజు అతను ఏమీ అనలేదు, టూల్ బాక్సు మూసి వెళ్ళిపోయాడు. తర్వాత మొంబాసా వెళ్ళిపోయాడని విన్నాను. నాతో మళ్ళీ మాట్లాడలేదు. 12 ఏళ్ళు దాటింది, ఇప్పటికీ ఏ పిల్లాడైనా "సార్, నాకు ఆ ఉద్యోగం వస్తుందంటారా?" అంటే ముందు వాడి మార్కుల లిస్టు చూపించమంటాను.

నువ్వు ఉండబోయే ఇంట్లో కూడా ఎవరో ఒకరు నీకు బాగా దగ్గరవుతారు. "వచ్చే ఏడాది కూడా ఉంటావు కదా?" అని అడుగుతారు. మళ్ళీ వస్తానని, నిన్ను మా ఊరు తీసుకెళ్తానని నోటికి వచ్చేస్తుంది. అనకు. ఫలానా తేదీన వెళ్ళిపోతానని మొదటి నెలలోనే క్యాలెండర్ మీద చూపించి చెప్పు.

2013 మార్చి 4న అక్కడ ఎన్నికలు జరిగాయి. అంతకు ముందు ఎన్నికల తర్వాత, 2007 చివర్లో మొదలైన గొడవల్లో కిసుము బాగా దెబ్బతింది. అందుకని ఆ నెలంతా ఊళ్ళో టెన్షన్. మార్చి 30న ఆ ఎన్నికల ఫలితం మీద వాళ్ళ సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, అక్కడి జనం కోరుకున్నట్టు రాలేదు, కొన్ని రోజులు సెంటరు తెరవలేదు. తెరిచాక పిల్లలు మొహాలు వేలాడేసుకుని వచ్చారు. భవిష్యత్తు గురించి, ధైర్యం గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలని రాత్రంతా కూర్చుని రాసుకుని వెళ్ళాను. మొదలుపెట్టగానే నాకు మాటలు నేర్పిన ఆ అమ్మాయే చెయ్యెత్తి, "మ్వాలిము, ఈరోజు డిస్ట్రిబ్యూషన్ బోర్డు పూర్తి చేద్దామా?" అంది. కాగితం జేబులో పెట్టేశాను. సాయంత్రానికి బోర్డు పూర్తయింది, ఎంసీబీ స్విచ్చు ఎత్తితే బల్బు వెలిగింది. వాళ్ళు ఇంటికి వెళ్ళేటప్పుడు నడక మారింది. యువతకి ఆశ కల్పించడం అంటే నేను ఎప్పుడూ ఉపన్యాసం అనుకునేవాణ్ణి.

తిరిగొచ్చాక ఏం మిగులుతుంది అన్నావు. నాకు డబ్బు మిగల్లేదు. పాత చోట నా పోస్టు కూడా మిగల్లేదు, ఇంకో ప్రైవేటు ఐటీఐలో తక్కువ జీతానికి చేరాను. మొదటి ఆరు నెలలు ఇంట్లో ఎవరికీ అక్కడి కబుర్లు వినే ఓపిక లేదు. ఇది చాలామందికి జరుగుతుంది, ముందే తెలిసి ఉండు.

అయితే 2014లో సీతంపేట ఏజెన్సీ నుంచి ఒక సవర గిరిజన కుర్రాడు మా ట్రేడ్‌లో చేరాడు. నెలరోజులు ఒక్క మాట మాట్లాడలేదు. వెనక బెంచీలో కూర్చుని, ఎవరైనా నవ్వితే తల దించుకునేవాడు. నాకు గుండె ఝల్లుమంది. అది కిసుములో నా మొహం. అంతకు ఆరేళ్ళ ముందు ఇలాంటి పిల్లాడే ఒకడు మధ్యలో మానేస్తే రిజిస్టర్‌లో "ఆసక్తి లేదు" అని నా చేత్తో రాశాను. వాడికి ఆసక్తి లేదని నాకెలా తెలుసు? వాడు ఇంట్లో మాట్లాడేది సవర, పుస్తకంలో ఉన్నది వాడికి పరాయి తెలుగు, నేను చెప్పేది అంతకంటే వేగం. ఈసారి నేను వెళ్ళి వాడి పక్కన కూర్చుని, వైరుని మీ భాషలో ఏమంటారో చెప్పమన్నాను. రోజుకి ఐదు మాటలు. రెండు నెలలకి వాడు క్లాసులో లేచి స్టార్టర్ కనెక్షన్ చెప్పాడు.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నీకు పదిహేనో పదహారో ఏళ్ళుంటాయి, మీ ఊళ్ళో ఆ రాత్రి నువ్వు చూసే ఉంటావు. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం, వేల కరెంటు స్తంభాలు పడిపోయాయి. పాత విద్యార్థులు పదిమందితో కవిటి, వజ్రపుకొత్తూరు వైపు వెళ్ళి నీళ్ళు పట్టిన మోటార్లు విప్పి ఆరబెట్టి, కాలిపోయినవాటికి వైండింగ్ చేసి ఇచ్చాం. ఆ పదిమందిలో ఆ సవర కుర్రాడు ఉన్నాడు. పెద్దవాళ్ళతో ధైర్యంగా మాట్లాడి ఏ మోటారు ముందు విప్పాలో చెబుతున్నాడు. నేను కిసుము వెళ్ళకపోయి ఉంటే వాడి పేరు ఎదురుగా కూడా "ఆసక్తి లేదు" అనే రాసి ఉండేవాణ్ణి. నాకు మిగిలింది అదమ్మా. ఇది బయోడేటాలో ఏ వరసలో రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

బయోడేటా అన్నాను కాబట్టి నీ భవిష్యత్తు లెక్కలు కూడా చూద్దాం. డీఎస్సీ గురించి నిజాయితీగా నిన్ను నువ్వు అడుగు. 2025లో 16,347 పోస్టులకి మెగా డీఎస్సీ జరిగింది, అలాంటిది వెంటనే మళ్ళీ వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేరు. నువ్వు నిజంగా రోజుకి ఎనిమిది గంటలు చదువుతూ ఉంటే ఆగు, తప్పేం లేదు. చదవకుండా నోటిఫికేషన్ కోసం ఊరికే ఎదురుచూస్తూ ఉంటే ఆ ఎదురుచూపు కోసం ఏడాది వదులుకోవద్దు. ఇంకో విషయం, అక్కడి నుంచి వచ్చాక ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి చదువు చెప్పాలని నీకు అనిపిస్తే, ఇక్కడ దానికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు చేయాలి. జర్మనీ సర్టిఫికెట్ దానికి బదులు కాదు. అలాగే అక్కడే ఉండిపోయి మూడేళ్ళ నర్సింగ్ శిక్షణలో చేరేవాళ్ళు చాలామంది ఉన్నారు, శిక్షణ కాలంలోనే జీతం వస్తుంది. మంచి దారే. కానీ అది నీ మనసులో ఉంటే ఇంట్లో ఇప్పుడే చెప్పు. ఏడాది అని చెప్పి వెళ్ళి నాలుగేళ్ళు చేస్తే నాన్నగారు నిన్ను కాదు, తర్వాత వెళ్తానన్న మీ చెల్లిని ఆపుతారు.

పని గురించి ఇంకొంచెం స్పష్టంగా. నీ బీఈడీ అక్కడ పెద్దగా అక్కరకి రాదు. పొద్దున్నే లేపడం, స్నానం చేయించడం, బట్టలు తొడగడం, తినిపించడం, మరుగుదొడ్డికి తీసుకెళ్ళడం, చక్రాల కుర్చీ తోసుకుంటూ పనికి తీసుకెళ్ళి తీసుకురావడం, రోజులో ఎక్కువ భాగం ఇదే. నీ వయసువాళ్ళకి, నీ కంటే పెద్దవాళ్ళకి చేయాలి. మన ఇళ్ళల్లో మంచాన పడ్డ తాతకో నాయనమ్మకో చేసినవాళ్ళకి ఇది కొత్త కాదు, చేయనివాళ్ళకి మొదటి వారమే కష్టం. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగు గంటలకే చీకటి పడుతుంది, ఆ నెలల్లో ఇల్లు బాగా గుర్తొస్తుంది. భాష ఎంత ఎక్కువ నేర్చుకుని వెళ్తే ఆ చీకటి అంత తగ్గుతుంది. పరీక్ష పాసయ్యేంత చాలదు.

నాన్నగారి మీద కోపం పెట్టుకోకు. మన వైపు నుంచి బయటికి వెళ్ళడం కొత్త కాదు. ఒకప్పుడు కళింగపట్నం, బారువ రేవుల నుంచి రంగూన్ వెళ్ళారు, ఇప్పుడు మత్స్యకారులు వేరావల్ వెళ్తున్నారు, మిగతావాళ్ళు హైదరాబాద్, గల్ఫ్. అందరూ పొట్టకూటి కోసం వెళ్ళినవాళ్ళే, కొందరు తిరిగి రాలేదు కూడా. కూలి లేకుండా ఇష్టంగా వెళ్తానన్న మనిషిని ఆయన తరం చూడలేదు. ఆయన అడుగుతున్నది డబ్బు గురించి అనిపిస్తుంది గానీ, నా లెక్కలో అది మా నాన్న అడిగిన జ్వరం ప్రశ్నే. ఒప్పందం కాగితాన్ని తెలుగులో రాసి ఆయన చేతిలో పెట్టు. విమానాశ్రయానికి ఎవరు వస్తారో, ఆ ఇంటి బాధ్యురాలు ఎవరో వీడియో కాల్‌లో చూపించు. భాష రాకపోయినా ఫరవాలేదు, మొహం చూస్తే చాలు.

వెళ్ళమనో వద్దనో నేను ఇప్పుడే చెప్పను. మీ మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసులో అడుగు. వైకల్యం ఉన్న పిల్లలు అక్కడికి వస్తారు. అక్కడి టీచరుగారిని బతిమాలుకుని రెండు వారాలు రోజూ వెళ్ళు. పాఠం చెప్పడానికి కాదు, అన్నం తినిపించడానికి, ముక్కు తుడవడానికి, మాట సరిగా రాని పిల్లాడు ఏమంటున్నాడో అర్థమయ్యేదాకా పక్కన కూర్చోవడానికి. ఆ రెండు వారాలు ఎలా గడిచాయో నాకు రాయి. నాన్నగారు నాతో మాట్లాడతానంటే ఆదివారం ఏ టైమ్‌లోనైనా సరే, నేను ఇంట్లోనే ఉంటాను.